కలప మేడలో త్రిరేఖా శైలి

2007 ఆగస్టులో నాకు పదిహేను రోజుల క్యాంపు ఆర్డరు వచ్చింది. అప్పటికి నేను పాత కట్టడాల సంరక్షణ చూసే ప్రభుత్వ శాఖలో కన్సర్వేషన్ అసిస్టెంటుని. ఖమ్మం ఆఫీసులో కుర్చీ, జిల్లా అంతా పని. మా ఉద్యోగం గురించి ఒక మాట చెప్పాలి. కట్టడం దగ్గర నిలబడితే మమ్మల్ని మించిన అధికారి ఉండడు. ఆఫీసులో అడుగుపెడితే మాత్రం అందరూ మమ్మల్ని మించినవాళ్లే.

ములకలపల్లి దాటాక అడవి అంచున ఉన్న కలప మేడ మ్యూజియంలో గోడలు పాడవుతున్నాయి, వెళ్లి పరిస్థితి నివేదిక ఇమ్మని ఆ ఆర్డరు. దాంతో పాటు ఇంజనీరింగ్ విభాగం తయారుచేసిన ప్రతిపాదన ఒకటి జత చేశారు. గోడల మీది పాత మట్టి పూత మొత్తం గీకేసి, ఇనుప జాలీ బిగించి, సిమెంటు ప్లాస్టరింగు చేసి, ఎర్ర రంగు వేయాలని దాని సారాంశం. కింద 'సాంకేతిక ధ్రువీకరణ' అన్న చోట నా సంతకం పడితే టెండరు పిలుస్తారు. అంటే నేను వెళ్లేది సంతకం పెట్టడానికే. పనిలో పనిగా కాస్త గోడ కూడా చూసి రావాలి.

కుసుమంచిలో, మరికొన్ని చోట్ల రాతి గుళ్ల పనులు చేసి వచ్చినవాణ్ని కావడంతో నాకు మట్టి గోడంటే కొంచెం చులకన ఉండేది. రాయి ఎక్కడ పెడితే అక్కడ ఉంటుంది. మట్టి అలా కాదు. ఈ చులకన భావంతోనే ఖమ్మంలో బస్సెక్కి, జూలూరుపాడు మీదుగా వెళ్లి, మధ్యాహ్నానికి ములకలపల్లిలో దిగి, అక్కణ్నుంచి ఆటోలో మేడ ముందు దిగాను.

పేరు మేడే గాని పైన ఉన్నది అటక మాత్రమే. వందేళ్ల కిందట కోస్తా నుంచి వచ్చిన కలప వ్యాపారి ఒకాయన కట్టించుకున్న ఇల్లు అది. తలుపులు, స్తంభాలు గోదావరి వైపు వడ్రంగులు చెక్కారు. హాల్లో నేల మీద గులాబీ, నీలం పువ్వుల పింగాణీ పలకలు. అవి ఓడలో కాకినాడకు, పడవల్లో గోదావరి ఎగువకు, అక్కణ్నుంచి ఎడ్లబండ్ల మీద ఇక్కడికి వచ్చాయట. అరల నిండా రంగూన్ జాడీలు. గోడలు మాత్రం ఇక్కడి ఎర్రమట్టి. తలుపు చూస్తే కోస్తా ఇల్లు, నేల చూస్తే ఏ దేశపు ఇల్లో తెలియదు, గోడ చూస్తే పక్క గూడెంలోని కోయ ఇల్లు. ఇన్ని చోట్ల మనుషులు కలిసి ఒక ఇల్లు కట్టడం నాకు భలే నచ్చింది. వ్యాపారి వారసులు ఆ ఇంటిని 2001లో మా శాఖకు అప్పగించారు. అప్పట్నుంచి అది మ్యూజియం.

అక్కడ ఉద్యోగి ఒక్కడే, అటెండెంటు యాకూబ్. టికెట్టు ఇచ్చేదీ, గదులు చూపించేదీ, ఊడ్చేదీ అతనే. ఎంతమంది వచ్చినా ప్రతి తలుపూ తన అత్తగారిల్లు చూపిస్తున్నంత మురిపెంగా తెరిచేవాడు. నాకూ అలాగే చూపించాడు. నేను 2001లో శాఖ తరఫున ఇల్లు స్వాధీనం చేసుకున్నప్పుడు వారం రోజులు అక్కడే ఉన్నానని చెప్పినా వినలేదు. టికెట్టు మాత్రం అడగలేదు.

గోడల పరిస్థితి నిజంగానే బాగాలేదు. దక్షిణపు వసారా గోడ మీద పూత అప్పడంలా లేచింది. తూర్పు గోడకు నిలువునా పగులు. పడమటి గోడకు నాలుగేళ్ల కిందట ఎవరో అడుగున మూడడుగుల ఎత్తు సిమెంటు పట్టీ వేయించారు. దానికి పైన తడి మచ్చ. పగులు పెరుగుతోందా లేదా తెలుసుకోవడానికి మేము దాని మీద అడ్డంగా పల్చటి గాజు పట్టీ అతికిస్తాం. గోడ కదిలితే గాజు చిట్లుతుంది. మూడో రోజు పొద్దున్నే చూస్తే మూడు పట్టీల్లో రెండు చిట్లి ఉన్నాయి.

ఒక్క గోడ మాత్రం చెక్కుచెదరలేదు. వెనకవైపు వంటింటి గోడ. సందర్శకులెవరూ అటు పోరు. నున్నగా, ఎర్రగా, నిన్న అలికినట్టుంది. దానికి కారణం ఏమిటని ఒక పూట ఆలోచించి, చూరు వెడల్పుగా ఉండడం, వాన జల్లు ఆ దిక్కు నుంచి రాకపోవడం, ఏళ్ల తరబడి పొయ్యి పొగ పట్టి మట్టి గట్టిపడడం అని మూడు కారణాలు రాసుకున్నాను. పేజీన్నర వచ్చింది. చదువుకుంటే నాకే ముచ్చటేసింది.

తర్వాత పని మెట్ల గీకుడు. పాత గోడ మీద ఎన్ని పూతలున్నాయో తెలియాలంటే సన్నటి కత్తితో రెండేసి వేళ్ల వెడల్పున ఒక్కో పూతా మెట్టు మెట్టుగా విప్పుకుంటూ లోపలికి పోవాలి. దక్షిణపు వసారాలో మూడు మూరల మేర అలా విప్పాను. మూడు రోజులు పట్టింది. ముప్పైకి పైగా పూతలు లెక్క తేలాయి. విశేషం ఏమిటంటే ప్రతి పూత మీదా విల్లులా వంగిన గీతలున్నాయి. పై మెట్లలో నాలుగేసి గీతలు. వాటి కింద పన్నెండు పదమూడు మెట్ల దాకా మూడేసి గీతలే. ఇంకా కిందికి పోతే మళ్లీ నాలుగు, కాని వంపు ఎడమ నుంచి కుడికి కాకుండా కుడి నుంచి ఎడమకు తిరిగింది.

నాకు ఒళ్లు పులకరించింది. నోట్‌బుక్కులో 'కలప మేడ కుడ్యాలంకరణ: మూడు దశలు' అని పెద్దక్షరాలతో రాశాను. మధ్య దశకు 'త్రిరేఖా శైలి' అని నామకరణం కూడా చేశాను. మూడు గీతలకు ఏదో ఒక గూఢమైన నమ్మకం ఆధారమై ఉంటుందని ఊహించాను. శాఖ పత్రికకు వ్యాసం పంపితే హైదరాబాదులో ఎవరెవరు చదువుతారో కూడా ఊహించుకున్నాను.

సంత రోజున నలుగురు ఆడవాళ్లు టికెట్లు కొనుక్కుని వచ్చారు. సంతకు వచ్చినవాళ్లు తిరుగు ప్రయాణంలో మేడ చూసి పోవడం మామూలే. వాళ్లలో ముందు నడుస్తున్నావిడకు డెబ్బై ఏళ్లుంటాయి. పువ్వుల నేల వైపు గాని జాడీల వైపు గాని చూడకుండా నేరుగా వసారాలోకి వచ్చి, నేను విప్పిన మెట్ల మీద అరచెయ్యి పెట్టింది. యాకూబ్ పరుగున వచ్చాడు.

“అమ్మా, గోడ ముట్టొద్దు. బోర్డు సూడు.”

“బోర్డు నాకేం తెల్సు బిడ్డా. గోడ తెల్సు” అంది ఆమె, చెయ్యి తియ్యకుండానే.

ఆమె పేరు ముత్తమ్మ అని, పక్క గూడెం అని యాకూబ్ చెప్పాడు. అతని గొంతులో గదమాయింపు కన్నా మొహమాటం ఎక్కువ ఉన్నట్టు అనిపించినా, అప్పుడు పట్టించుకోలేదు. శ్రోతలు దొరికారు కదా అని నేను స్టూలు దిగి, మెట్ల గీకుడు అంటే ఏమిటో, మూడు దశలేమిటో, త్రిరేఖా శైలి గొప్పతనమేమిటో తీరుబాటుగా వివరించాను. ముత్తమ్మ మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాకుండా అంతా విన్నది. విని, మూడు గీతల మెట్టు మీద తన వేళ్లు ఆనించింది.

“మా అత్తకు ఏలు లేకుండె సారూ. సూపుడేలు. కొడవలి తెగి పోయింది.”

వెనక ఉన్న ముగ్గురూ కొంగులు నోటికడ్డం పెట్టుకున్నారు. ఆ తర్వాత అదీ కుదరక పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను, కొంచెం ఆలస్యంగా.

ఆ మధ్యాహ్నం ముత్తమ్మ, వానలకు కరిగినవి పోను మిగిలిన గోడ మెట్లను ఒక్కొక్కటే చదివి వినిపించింది. పైన నాలుగేసి గీతలున్న మెట్లన్నీ ఆమెవి. మూడేసి గీతలవి అత్తవి. అంతకు కిందివి అత్తకు అత్తవి, ఆమె ఎడమచేతి వాటమట. ఒక మెట్టు మీద గీతలు మిగతా వాటికన్నా మూరెడు కిందికి ఉన్నాయి. ఆ ఏడు నిండు నెలల మీద ఉండి చెయ్యి పైకెత్తలేక కూర్చునే పూత మెత్తానని చెప్పింది. కడుపులో ఉన్నవాడే ఇప్పుడు ఇంటిని చూసుకునే కొడుకు. అతని పుట్టిన తేదీ ఏ రిజిస్టరులోనూ లేదు, ఆ గోడలో ఉంది.

అసలు సంగతి ఇది. వ్యాపారి మొదట కట్టించిన గోడలు రెండు వానలకే కూలితే, గూడెం ఆడవాళ్లే మళ్లీ మట్టితో నిలబెట్టారు. అప్పుడు కుదిరిన ఒప్పందం ప్రకారం ఏటా కొత్త వడ్లు తినే పండుగకు ముందు వారం వాళ్లు వచ్చి ఇల్లంతా మెత్తుతారు. ఆ రోజు పువ్వుల హాల్లో వాళ్లను వరసగా కూర్చోబెట్టి ఇంటి ఆడవాళ్లు స్వయంగా వడ్డించాలి. గోడను ఇంటికింత అని వాటాలు వేసుకున్నారు. వాటా అత్త నుంచి కోడలికి వస్తుంది. కోడలు మొదటి ఏడు అత్త పక్కన నిలబడి, అత్త చెయ్యి కదిలినట్టు చెయ్యి కదిపి నేర్చుకోవాలి. ఈ దక్షిణపు వసారా ముత్తమ్మ వాటా.

మరి ఎందుకు మానేశారని అడిగాను. ఆమె నా మొహంలోకి కాస్త వింతగా చూసింది. ఇల్లు సర్కారు చేతికి వచ్చిన ఏడాది మామూలుగానే మట్టి గంపలతో వచ్చారట. వాకిట్లోనే ఆపి, గోడలు ముట్టరాదని ఒక కాగితం చూపించి పంపేశారట. ఆ కాగితం ఎవరిచ్చారో ఫైలు తీస్తే తెలుస్తుందని నేను కొంచెం కోపంగానే అన్నాను. అంత తెలివితక్కువ పని ఎవరు చేశారా అని మనసులో ఒకరిద్దరి పేర్లు కూడా అనుకున్నాను. యాకూబ్ బీరువాలోంచి ఫైలు తెచ్చి, తనే ఆ పేజీ తెరిచి నా ముందు పెట్టాడు. 'చారిత్రక ఉపరితలంపై స్థానికులచే ఎటువంటి పూతలు, మార్పులు అనుమతించరాదు.' కింద అక్టోబరు 2001, నా సంతకం.

“నువ్వేనని నాకు ఎర్కే సారూ” అంది ముత్తమ్మ. “అప్పుడు నీకు మీసం లేకుండె, గంతే.”

నేను శిక్షణలో నేర్చుకున్నదే రాశాను. గుడిలో శిల్పం మీద భక్తులు పసుపు పులమకుండా ఆపడం ఎలాగో తెలిసినవాణ్ని, మట్టి గోడకూ అదే మందు వేశాను. వానకు కరిగి పోయేది పోతుంటే, ఏటా చేత్తో తిరిగి పెడుతుంటేనే ఆ గోడ నిలబడుతోందని నాకు తట్టలేదు. ఆరేళ్లుగా గోడ ఎందుకు పాడవుతోందో కనుక్కోవడానికి నన్నే పంపారు. దొంగను పట్టుకొమ్మని దొంగను పంపినట్టయింది. సిగ్గుగా ఉంది. అయినా చెప్పొద్దూ, కారణం దొరికినందుకు లోలోపల సంతోషంగానూ ఉంది.

ముత్తమ్మకు మాత్రం పాత కోపం ఏమీ ఉన్నట్టు లేదు. ఆమె దిగులంతా ముందున్నదాని గురించే. సిమెంటు వేస్తారన్న మాట గూడెం దాకా వచ్చింది. “సిమిటి మీద మన్ను నిల్వది సారూ” అంది. “నా కోడలొచ్చి ఐదేండ్లాయె. ఒక్కసారి గూడ గోడ మీద చెయ్యి పెట్టలే. గిట్లనే ఉంటే నాతోనే ఆగిపోతది.” వెనక నిలబడ్డ వాళ్లలో పొడుగ్గా, పల్చగా ఉన్న అమ్మాయి తల దించుకుంది. ఆమె కోడలు సుజాత. మట్టి మీద మట్టి ఎన్నిసార్లయినా వేయొచ్చు, తీయొచ్చు. సిమెంటు ఒక్కసారి పడిందా, మళ్లీ మట్టి పట్టదు, వాటాలూ పోతాయి. ఆ సిమెంటుకు కావాల్సింది నా సంతకం ఒక్కటే.

సంతకం పెట్టకూడదని అక్కడే నిశ్చయించుకున్నాను. కాని నిశ్చయించుకుంటే సరిపోదు. మా అసిస్టెంట్ డైరెక్టరు మేడమ్ సోమవారం తనిఖీకి వస్తున్నారు. ఆవిడ ఫైలులో ఒక్క మాట ఎక్కువుంటే కొట్టేసే మనిషి. గీతల కథలు చెబితే వినరు, ఆధారం కావాలి. మట్టి పూత వేస్తే గోడ నిలుస్తుందని రుజువేదీ అని అడుగుతారు. ఆరేళ్లుగా ఎక్కడా పూతే వేయనప్పుడు రుజువు ఎక్కణ్నుంచి తేవాలి? ఈ మాటే యాకూబ్‌తో అన్నాను. అతను కాసేపు తాళంచెవుల గుత్తి అటూ ఇటూ తిప్పి, వంటింటి వైపు చూశాడు.

“నౌకరీ పోదంటే ఒక మాట చెప్త సార్.”

పోదని మాటిచ్చాను. అప్పుడు బయటపెట్టాడు. పంపేసిన మరుసటి ఏడాది నుంచి ముత్తమ్మ ఏటా అదే వారంలో, ఒంటరిగా, టికెట్టు కొనుక్కుని వచ్చేదట. కొంగు చాటున చిన్న గంపెడు మట్టి. తన వాటా ముందు వసారాలో ఉంది, అక్కడ మెత్తితే పదిమందికీ కనబడుతుంది. అందుకని ఎవరూ పోని వంటింటి వెనక గోడ మెత్తి పోయేది. ఆమె వెనక ఉన్నంతసేపూ యాకూబ్ హాల్లో నిలబడి, వచ్చినవాళ్లకు జాడీల చరిత్ర ఎన్నడూ లేనంత వివరంగా చెప్పేవాడట. నేను మూడు కారణాలతో పేజీన్నర రాసిన గోడ అదే.

రుజువు దొరికింది, కాని నోటి మాట చాలదు. యాకూబ్ దానికీ సిద్ధంగానే ఉన్నాడు. రూల్సంటే ప్రాణం పెట్టే మనిషి కదా, లోపలికి దొంగచాటుగా పంపినా సందర్శకుల పుస్తకంలో మాత్రం ఆమె చేత వేలిముద్ర వేయించకుండా ఎప్పుడూ వదల్లేదు. పుస్తకాలు తీసి చూశాం. 2002 నుంచి 2006 దాకా, ఐదేళ్లు, ఐదు వేలిముద్రలు. అభిప్రాయం రాయాల్సిన గడిలో యాకూబ్ చేతిరాతతో ప్రతి ఏడూ ఒకే మాట: 'బాగున్నది.'

సోమవారం మేడమ్ వచ్చారు. ముందుగా పడమటి గోడ దగ్గరకు తీసుకెళ్లి, సిమెంటు పట్టీని వేళ్లతో తట్టి చూడమన్నాను. ఖాళీ డబ్బాను తట్టినట్టు డొల్లగా మోగింది. తాపీతో అంచు కాస్త లేపగానే అడుగు మేర పెచ్చు ఊడి కాళ్ల ముందు పడింది. వెనక మట్టి తడిసి ముద్దగా ఉంది, చెదలు తీరిగ్గా తిరుగుతున్నాయి. తర్వాత వంటింటి గోడ చూపించాను, దానితో పాటు ఐదు వేలిముద్రలూ, నా 2001 ఉత్తర్వూ. త్రిరేఖా శైలి ప్రస్తావన తేలేదు. మేడమ్ ఉత్తర్వు చదివారు, సంతకం చూశారు, నా మీసం వైపు చూశారు.

“రాసింది మీరే కదా. రద్దు కూడా మీరే రాయండి” అన్నారు.

రాయడం తేలిక కాలేదు. మా నిబంధనల్లో పని చేసేవాడు కాంట్రాక్టరైనా కావాలి, కూలీ అయినా కావాలి. వీళ్లు రెండూ కాదు. పనికి ప్రతిఫలం ఏమిటన్న గడిలో 'హాల్లో కూర్చోబెట్టి వడ్డించిన భోజనం' అని రాస్తే ఆడిట్ వాళ్లు ఊరుకోరు. మూడుసార్లు చించి నాలుగోసారి 'కట్టడంలో అంతర్భాగమైన సాంప్రదాయక నిర్వహణ. వాటాదారులు: గూడెం మహిళలు' అని రాశాను. మేడమ్ 'అంతర్భాగమైన' కొట్టేసి సంతకం పెట్టారు. ఇంజనీరింగ్ ప్రతిపాదన ధ్రువీకరణ లేకుండా వెనక్కి పోయింది.

ఆ ఏడు పండుగ ముందు వారానికి సెలవు పెట్టుకుని మళ్లీ వెళ్లాను. పద్దెనిమిది మంది వచ్చారు. పుట్టమన్ను, పేడ, ఊక కలిపి వారం ముందే నానబెట్టి ఉంచారు. దగ్గరికి పోతే వాసన ముక్కు పగలగొడుతోంది. ఆ పులుపే మట్టికి బంకనిస్తుందని ముత్తమ్మ చెప్పింది. పాటలు మొదలయ్యాయి. కోయ భాషలో ఉన్నాయి కనుక నాకు అర్థం కాలేదు. నడుమ నడుమ 'సారు' అన్న మాట వినబడి, ఆ వెంటనే అందరూ నవ్వడంతో విషయం మాత్రం అర్థమైంది. యాకూబ్ పొద్దున్నే హాల్లో పువ్వుల పలకలు మూడుసార్లు తుడిచాడు. వడ్డించడానికి ఇంటి ఆడవాళ్లు లేరు కాబట్టి ఆ బాధ్యత నా భార్య, యాకూబ్ భార్య తీసుకున్నారు.

దక్షిణపు వసారాలో అత్తాకోడళ్లు పక్కపక్కన నిలబడ్డారు. ముత్తమ్మ ఒక విల్లు గీసింది. సుజాత దాని పక్కనే ఇంకొకటి గీసింది. అది వంకరగా వచ్చింది. ముత్తమ్మ మళ్లీ గీసింది. మధ్యాహ్నానికి రెండు చేతులూ ఒకే వేగంతో కదులుతున్నాయి. ఏ గీత ఎవరిదో చెప్పడం కష్టమైంది. చూస్తుంటే నా కళ్లు చెమర్చాయి. పేడ ఘాటు అని యాకూబ్‌తో చెప్పాను. తనకూ అంతేనన్నాడు.

నేను విప్పిన మెట్ల దగ్గర మాత్రం ముత్తమ్మ ఆగింది. అది గీకింది నేను కనుక మూయాల్సిందీ నేనేనని తీర్పు చెప్పింది. ప్యాంటు మడిచి, ముద్ద తీసుకుని మెత్తాను. మగవాడి చెయ్యి ఆ గోడ మీద పడడం అదే మొదలట. పని అయ్యాక ఆమె ఒక్క అడుగు వెనక్కి వేసి చూసింది.

“మెత్తంగనే ఉంది. ఎవలన్న గీకితే ఇది సారుది అని చెప్త తియ్” అంది.

నేను 2014లో అసిస్టెంట్ డైరెక్టరుగా రిటైరయ్యాను. మ్యూజియం ఇప్పటికీ తెరిచే ఉంది. దక్షిణపు వసారా సుజాత చూసుకుంటోంది, పక్కన ఆమె కోడలు చెయ్యి కదుపుతోంది. నా పూత ఇప్పుడు చాలా పూతల కింద ఉంది. దాన్ని చూడాలంటే ఎవరో ఒకరు మెట్ల గీకుడు చేయాలి. ఆ తర్వాత నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లందరికీ నేను చెప్పింది ఒకటే: కట్టడం దగ్గరకు వెళ్లగానే అది ఎవరు కట్టారని అడగండి, వెంటనే దాన్ని ఏటా ఎవరు ముట్టుకుంటారని కూడా అడగండి. రెండో ప్రశ్న నేను ఆరేళ్లు ఆలస్యంగా అడిగాను.

2001లో నా ఉత్తర్వు మీద పెట్టిన బోర్డు తీయించలేదు. కింద ఒక వరస మాత్రం చేర్పించాను. ఇప్పుడది ఇలా ఉంటుంది: 'గోడలను తాకరాదు. వాటాదారులకు ఈ నిబంధన వర్తించదు.'